పిల్లలకు చెప్పాలా? తీవ్రమైన జబ్బు, మరణం ఎదురైన ఇంట్లో మన మాటలు

వేదిక మీది పెద్దలకు, సభకు వచ్చిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, నర్సులకు నమస్కారం.

ప్రాణాంతకమైన జబ్బు ఒక ఇంట్లోకి వచ్చినప్పుడు, అది బిడ్డకు వచ్చినా, తల్లికో తండ్రికో వచ్చినా, పెద్దవాళ్లు వైద్యుణ్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "పిల్లలకు చెప్పాలా, వద్దా?" ఈ ప్రశ్న వెనక ఉన్న ప్రేమను నేను శంకించను. కానీ అడిగే వేళకే అది ఆలస్యమైన ప్రశ్న. తలుపు చాటున నిలబడ్డ పిల్లవాడు అప్పటికే సగం విని ఉంటాడు. మిగతా సగం అమ్మ కళ్లలోనూ, ఫోను మోగగానే నాన్న బయటికి నడిచిన తీరులోనూ, రోజూ అల్లరికి కోప్పడే నాయనమ్మ హఠాత్తుగా ఏం చేసినా ఊరుకోవడంలోనూ చదువుకుని ఉంటాడు. అందుచేత చెప్పాలా వద్దా అన్న వాదాన్ని నేను ఇక్కడ పెట్టుకోదలచలేదు. ఎంతో కొంత తెలిసిపోయిన పిల్లవాణ్ని ఆ తెలిసినదానితో ఒంటరిగా వదిలేయకుండా ఉండటం ఎలా అన్నదే నేను మాట్లాడదలచిన విషయం.

పిల్లలకు తెలిసిపోతుందన్నది కేవలం నా అభిప్రాయం కాదు. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్న చిన్నపిల్లల మధ్య నెలల తరబడి గడిపి, తాను చూసినదాన్ని 1978లో ప్రచురించారు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు నేటి చికిత్స లేదు, పిల్లలకు నిజం చెప్పే అలవాటూ లేదు. అయినా ఆ పిల్లలు మెట్టు మెట్టుగా అన్నీ తెలుసుకున్నారు. తమది పెద్ద జబ్బని మొదట గ్రహించారు. తర్వాత మందుల పేర్లు, వాటి దుష్ఫలితాలు నేర్చుకున్నారు. ఏ చికిత్స ఎందుకు చేస్తారో, జబ్బు తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎలా తిరగబెడుతుందో అర్థం చేసుకున్నారు. ఇలా తగ్గడం, తిరగబెట్టడం ఎప్పుడూ సాగదని, చివర మరణం ఉంటుందని, తమలాంటి మరో పిల్లవాడు చనిపోయిన వార్త తెలిసినప్పుడు గ్రహించారు. వీటిలో చాలా సంగతులు వారికి పెద్దలు కూర్చోబెట్టి చెప్పినవి కావు.

ఆమె పరిశీలనలో నన్ను ఎక్కువగా కలచివేసింది దాని తర్వాతి భాగం. తమకు తెలుసన్న సంగతిని ఆ పిల్లలు తల్లిదండ్రుల దగ్గర దాచారు. ఆ మాట ఎత్తితే అమ్మ ఏడుస్తుందని, నాన్న గదిలోంచి వెళ్లిపోతాడని వాళ్లకు అనుభవం చెప్పింది. తల్లిదండ్రులు తమ దగ్గరే ఉండాలి కాబట్టి పిల్లలు ఏమీ తెలియనట్టు ఉన్నారు. పెద్దలు పిల్లల కోసం, పిల్లలు పెద్దల కోసం సాగించే ఈ పరస్పర నటనలో కాపాడే బాధ్యత నిశ్శబ్దంగా పిల్లవాడి భుజం మీదికి మారిపోతుంది. జబ్బు బరువుతో పాటు మన మనసును చూసుకునే పని కూడా వాడిదే అవుతుంది.

స్వీడన్‌లో ఉల్రికా క్రైక్‌బెరీస్, ఆమె సహచరులు చేసిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను వారు అడిగారు: మీరు మీ బిడ్డతో మరణం గురించి మాట్లాడారా, ఆ నిర్ణయం గురించి ఇప్పుడేమనుకుంటున్నారు? మాట్లాడామన్న 147 మందిలో ఒక్కరు కూడా పశ్చాత్తాపపడలేదు. మాట్లాడలేదన్న 258 మందిలో 69 మంది, అంటే 27 శాతం, మాట్లాడి ఉండవలసిందని బాధపడ్డారు. బిడ్డకు తన మరణం సంగతి తెలుసని లోలోపల పసిగట్టినవారిలో ఆ బాధ మరింత ఎక్కువగా కనిపించింది. ఈ అంకెలను నేను ఎవరి మీదా ఆయుధంగా వాడను. మాట్లాడనివారిలో ఎక్కువమంది తమ నిర్ణయంతో సమాధానంగానే ఉన్నారు, మాటల్లేకుండానే దగ్గరగా బతికిన కుటుంబాలూ ఉంటాయి. కానీ "చెబితే జీవితాంతం కుమిలిపోతాం" అన్న భయంతో నోరు మూసుకున్నవారు ఆ 147 మంది సంగతి ఒకసారి తలచుకోవాలి.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. జబ్బు పేరు చెప్పడమంటే మరణం గురించి చెప్పడమే అని చాలామంది భయపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, సమగ్ర చికిత్స అందుబాటులో ఉన్న సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. పేద, మధ్యాదాయ దేశాల్లో ఆ సంఖ్య 30 శాతానికి లోపే ఉండటం వేరే ప్రసంగానికి తగిన దుఃఖం. ఏమైనా, కోలుకునే అవకాశం బాగా ఉన్న పిల్లవాడికి కూడా మనం ఏమీ చెప్పకపోతే, ఇంట్లో ఉన్న గుసగుసలను బట్టి వాడు ఊహించుకునేది అన్నిటికన్నా చెడ్డ ముగింపునే.

మరణాన్ని పిల్లలు ఎప్పుడు, ఎలా అర్థం చేసుకుంటారన్నది క్లుప్తంగా చెబుతాను. మారియా నాగీ 1948లో ప్రచురించిన హంగేరీ పిల్లల అధ్యయనం మొదలు దీని మీద చాలా పరిశోధన జరిగింది. చనిపోయినవారు తిరిగి రారని, వారి శరీరం ఇక ఏ పనీ చేయదని, వారికి ఆకలి, చలి, నొప్పి ఉండవని, ప్రాణమున్న ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతుందని ఎక్కువమంది పిల్లలు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య గ్రహిస్తారు. తోటివారి మరణాన్ని దగ్గరగా చూసినవారు, తామే జబ్బుతో ఉన్నవారు ఇంకా ముందే గ్రహించవచ్చు. అంతకన్నా చిన్నపిల్లలు "చనిపోయాడు" అని తామే చెప్పి, సాయంత్రానికి "ఎప్పుడొస్తాడు?" అని అడుగుతారు. అది మన మాట వినకపోవడం కాదు, ఆ వయసుకు అంతే పడుతుంది. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అదే శాంతంతో చెప్పాలి.

వయసు లెక్కల కన్నా ముఖ్యమైనవి పిల్లలు పైకి అనని మూడు ప్రశ్నలు. ఇది నా వల్ల జరిగిందా? నాకూ వస్తుందా? నన్ను ఎవరు చూసుకుంటారు? చిన్నపిల్లల ఆలోచనలో తాము అనుకున్నది జరుగుతుందన్న నమ్మకం బలంగా ఉంటుంది. "నువ్వు చచ్చిపో" అని తమ్ముడి మీద అరిచిన మర్నాడు తమ్ముడికి జబ్బు చేస్తే, ఆ అక్క తనను తాను దోషిగా నిలబెట్టుకుంటుంది. ఎవరితోనూ అనదు, ఎందుకంటే అంటే శిక్ష పడుతుంది. కాబట్టి పిల్లలు అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పాలి: "నువ్వు అన్నదాని వల్ల గానీ, అనుకున్నదాని వల్ల గానీ, చేసినదాని వల్ల గానీ ఈ జబ్బు రాలేదు." అంటుకునే జబ్బు కాకపోతే ఆ సంగతి కూడా చెప్పాలి, పక్కన పడుకోవచ్చని, కౌగిలించుకోవచ్చని అనుమతి ఇవ్వాలి. మూడో ప్రశ్న స్వార్థంలా వినిపించి కొందరు పెద్దలకు కోపం తెప్పిస్తుంది. "అమ్మకు అలా ఉంటే నీ బడి సంగతేంటి?" అని కసురుకుంటారు. రేపు బడికి ఎవరు దింపుతారన్నది పిల్లవాడికి లోకం నిలబడుతుందా కూలిపోతుందా అన్న ప్రశ్న. పేరు పేరునా జవాబివ్వాలి: పొద్దున పిన్ని తయారుచేస్తుంది, సాయంత్రం తాతయ్య తీసుకొస్తాడు, రాత్రి నేను ఉంటాను.

ఇక ఎలా చెప్పాలన్న సంగతి. మొదట చెప్పకండి, అడగండి. "అమ్మ ఆసుపత్రికి ఎందుకు వెళ్తోందని నువ్వనుకుంటున్నావు?" పిల్లవాడి జవాబులో వాడికి తెలిసింది, తప్పుగా తెలిసింది, భయపడుతున్నది మూడూ బయటపడతాయి. తర్వాత రెండు మూడు చిన్న వాక్యాలు చాలు. జబ్బుకు దాని అసలు పేరే చెప్పాలి. "కడుపులో బాగోలేదు" అని చెబితే, రేపు తన కడుపు నొప్పి పెట్టిన రాత్రి ఆ పిల్లవాడికి నిద్ర పట్టదు. చెప్పాక ఆగండి. ఆ మౌనం మనకు దుర్భరంగా ఉంటుంది కాబట్టి దాన్ని మాటలతో నింపాలనిపిస్తుంది, నింపకూడదు. పిల్లవాడు "సరే, ఆడుకోనా?" అని లేచిపోతే వెళ్లనివ్వండి. వాడు విన్నాడు, ఒక విడతకు పట్టినంత తీసుకున్నాడు, మిగతాదాని కోసం మళ్లీ వస్తాడు. చాలాసార్లు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కాకుండా ప్రయాణంలోనో, బొమ్మ గీస్తున్నప్పుడో, దీపం ఆర్పేసిన తర్వాతో వస్తాడు.

"అమ్మ చచ్చిపోతుందా?" అన్న ప్రశ్న సూటిగా వచ్చిన రోజున రెండు జవాబులు ప్రమాదకరమైనవి. ఒకటి "ఛ, అలాంటి మాటలనకూడదు" అనడం, రెండోది "ఏమీ కాదు, ఒట్టు" అనడం. మొదటిది తలుపు మూస్తుంది. రెండోది అబద్ధమని తేలిన రోజు ఆ పిల్లవాడు ఒకేసారి అమ్మ మీద ఆశను, మన మీద నమ్మకాన్ని పోగొట్టుకుంటాడు. జబ్బు స్థితిని బట్టి నిజమైన జవాబు ఉంటుంది: "డాక్టర్లు మంచి మందులు ఇస్తున్నారు, తగ్గుతుందని మేమందరం అనుకుంటున్నాం. అది మారితే నీకు నేనే చెబుతాను, వేరే ఎవరి దగ్గరా వినే అవసరం రాదు." మందులు పనిచేయని దశలో: "తగ్గించడానికి ఉన్న మందులన్నీ వాడారు, అవి పనిచేయడం లేదు. అమ్మ చనిపోతుందని డాక్టర్లు చెబుతున్నారు. ఎప్పుడో కచ్చితంగా తెలియదు. నొప్పి లేకుండా చూస్తారు. నేను నీతో ఉంటాను." ఈ మాటలు చెబుతూ మీకు కన్నీళ్లొస్తే రానివ్వండి, ఎందుకొచ్చాయో చెప్పండి. పిల్లల్ని భయపెట్టేది కారణం తెలియని ఏడుపు.

మరణం జరిగాక "నిద్రపోయాడు", "ఊరెళ్లాడు", "దేవుడు తీసుకెళ్లాడు" అన్న మాటలు పెద్దల మధ్య మర్యాదగా చెల్లుతాయి. ఆరేళ్ల పిల్లకు అవి అక్షరాలా అర్థమవుతాయి. నిద్రపోయినవాడు లేవకపోతే తానూ పడుకోవడానికి భయపడుతుంది. ఊరెళ్లినవాడు తనకు చెప్పకుండా ఎందుకెళ్లాడని అలుగుతుంది. మీ విశ్వాసం ఏదైనా పిల్లలకు చెప్పండి, అది వారికి ఆసరా కావచ్చు, కానీ ముందు శరీరానికి ఏమైందో చెప్పి ఆ తర్వాత చెప్పండి: గుండె ఆగిపోయింది, ఊపిరి ఆగిపోయింది, ఇక నొప్పి తెలియదు, తిరిగి రాడు.

ఆసుపత్రి గురించి కొంచెం. చిన్నపిల్లల్ని వార్డులో చేర్చి తల్లిదండ్రులను వారానికి కొద్ది గంటలు మాత్రమే రానిచ్చిన రోజులు గడిచి ఎంతో కాలం కాలేదు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఇంగ్లండ్‌లో ఒక రెండేళ్ల పాప ఆసుపత్రి రోజులను చిత్రీకరించి చూపించారు. పిల్లలు ఏడుపు మానడాన్ని సర్దుకుపోవడంగా భావిస్తున్న వైద్యలోకానికి, అది ఆశ వదులుకోవడం కావచ్చని అప్పుడు తెలియవచ్చింది. 1959లో ఆసుపత్రుల్లోని పిల్లల బాగోగులను పరిశీలించిన బ్రిటన్‌లోని ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల రాకపోకల మీద ఆంక్షలు ఎత్తేయాలని సిఫార్సు చేసింది. నేటికీ పాఠం అదే: బుద్ధిగా, నిశ్శబ్దంగా ఉన్న పిల్లవాడు బాగున్నాడని అనుకోవద్దు. సూది వేసేముందు "నొప్పే ఉండదు" అనవద్దు. "చిన్నగా నొప్పిగా ఉంటుంది, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది" అనండి. మంచం మీద పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టే బదులు తల్లి ఒడిలో కూర్చోబెట్టి వేయించండి, తిమ్మిరెక్కించే క్రీము అడగండి. ఏ చేతికి వేయాలో పిల్లవాణ్నే ఎంచుకోమనండి. సూది వేయించుకోవాలా వద్దా అన్నది వాడి చేతిలో ఉండదు, కాబట్టి అది అడగకండి. నిజంగా వాడి చేతిలో పెట్టగలిగినదే అడగండి.

ఇప్పుడు టీనేజ్ పిల్లలు. వీళ్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే వీళ్లే మన మధ్య ఎక్కువగా తప్పిపోతారు. చిన్నపిల్లల వార్డులో గోడ మీది కుందేలు బొమ్మల మధ్య ఇమడరు, పెద్దల వార్డులో ముసలివాళ్ల మధ్య ఇమడరు. శరీరం తనదని తెలుసుకునే వయసులో ఆ శరీరాన్ని రోజుకు పదిమంది తాకి చూస్తారు. తలుపు వేసుకునే హక్కు కోసం పోట్లాడే వయసులో స్నానానికి అమ్మ సాయం కావలసి వస్తుంది. మందులతో జుట్టు రాలుతుంది, స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బుతుంది, స్నేహితులు మొదట గుంపుగా వచ్చి తర్వాత ఏం మాట్లాడాలో తెలియక మానేస్తారు. మనం "ప్రాణం ముఖ్యమా, జుట్టు ముఖ్యమా?" అంటాం. పదిహేనేళ్లవాడికి రెండూ ముఖ్యమే.

వాళ్లలో కొందరు మాత్రలు వేసుకోవడం మానేస్తారు, దిండు కింద దాస్తారు. తిట్టేముందు కారణం అడగాలి. వాంతులవుతున్నాయేమో, బరువు పెరుగుతున్నందుకేమో, రోగిగా కాకుండా ఒక్క రోజు గడపాలని ఉందేమో, లేదా ఈ మందు ఎందుకో ఎవరూ చెప్పలేదేమో. ఒక్కో కారణానికి ఒక్కో పరిష్కారం ఉంటుంది, భయపెట్టడం వాటిలో దేనికీ పరిష్కారం కాదు. ప్రతి సందర్శనలోనూ కొద్ది నిమిషాలు తల్లిదండ్రులు బయట కూర్చుని, వైద్యుడితో పిల్లవాణ్ని ఒంటరిగా మాట్లాడనివ్వమని నేను గట్టిగా కోరతాను. అమ్మ ముందు అడగలేని ప్రశ్నలుంటాయి. నేను ప్రేమించవచ్చా, నాకు పిల్లలు పుడతారా అన్నవి వాటిలో ఉంటాయి. కొన్ని క్యాన్సర్ చికిత్సలు సంతానసామర్థ్యాన్ని దెబ్బతీయగలవు, యుక్తవయసుకు వచ్చిన అబ్బాయిల వీర్యాన్ని చికిత్సకు ముందే భద్రపరిచే వీలుంది. పెద్దలు సిగ్గుపడి ఆ ప్రస్తావన తేకపోతే ఆ అవకాశం దాటిపోతుంది, దాని మూల్యం చెల్లించేది ఆ అబ్బాయి.

తనను ప్రభావితం చేసే విషయాల్లో, వయసుకూ పరిణతికీ తగిన విలువతో, తన అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లలకు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. ఆసుపత్రి గదిలో దాని అర్థం చాలా సాదాగా ఉంటుంది: ఆ అమ్మాయి మంచం పక్కన నిలబడి ఆమె తలమీదుగా వైద్యుడు, తండ్రి మాట్లాడుకోకూడదు. తరగతిలో ఎవరికి ఏం చెప్పాలో ఆమే నిర్ణయించాలి. జబ్బు చివరి దశకు చేరినప్పుడు ఎక్కడ ఉండాలనుకుంటుందో, ఎవరిని చూడాలనుకుంటుందో, తన ఫోను, పుస్తకాలు ఎవరికివ్వాలో కూడా ఆమెను అడగవచ్చు. అడిగితే ఆశ వదులుకుంటుందని భయపడతాం. తన తరువాతి సంగతులను చక్కబెట్టిన అమ్మాయి మర్నాడు సినిమాకెళ్దామనవచ్చు, రెండూ ఒకే మనసులో పడతాయి. ఒక మాట మరిచిపోకూడదు: మీరు చెప్పకపోతే వాళ్లు అర్ధరాత్రి ఫోనులో వెతుక్కుంటారు. తమ రకం జబ్బుకు సంబంధించని, ఏళ్ల కిందటి అంకెలు చదివి, తెల్లారి మీ ముందు మామూలుగా కూర్చుంటారు. "ఏమైనా చదివావా? తీసుకురా, డాక్టరుగారిని కలిసి అడుగుదాం" అన్న ఒక్క పిలుపు వాళ్లకు ఎంతో మేలు చేస్తుంది.

జబ్బు తల్లికో తండ్రికో వచ్చిన ఇంట్లో టీనేజ్ బిడ్డ మరో రకంగా కనబడకుండా పోతాడు. వంట, చెల్లెలి హోంవర్కు, మందుల వేళలు నెత్తికెత్తుకుంటాడు, అందరూ "ఎంత పెద్దవాడయ్యాడో" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వాడి నోరు కట్టేస్తుంది. స్నేహితులతో బయటికెళ్లాలన్న కోరికకు వాడే సిగ్గుపడతాడు. వారంలో ఒక సాయంత్రం వాడిదని పెద్దలే చెప్పి, ఆ సాయంత్రం వాణ్ని బయటికి పంపాలి. జబ్బుతో ఉన్న బిడ్డకు తోబుట్టువులైన పిల్లల సంగతీ ఇంతే. వాళ్ల భయం తరచుగా అసూయ వేషంలో వస్తుంది. అసూయను తిడితే భయం లోపలే ఉండిపోతుంది.

మరణం తర్వాత పిల్లల దుఃఖం మన దుఃఖంలా ఉండదు. ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి, మళ్లీ గాలి కోసం పైకి తేలే ఈతగాడిలా వాళ్లు దుఃఖంలోకి వెళ్లి వస్తుంటారు. అంత్యక్రియల సాయంత్రం ఆడుకుంటున్న పిల్లను చూసి "దీనికేం అర్థమవుతుంది" అనుకునే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆట ఆమెకు గాలి. పెద్దలు కూడా దుఃఖానికీ రోజువారీ బతుకుకూ మధ్య ఊగిసలాడుతూనే కోలుకుంటారని 1999లో స్ట్రోబ్, షూట్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రతిపాదించారు. పిల్లల్లో ఆ ఊగు వేగంగా ఉంటుంది. నిరాకరణ, కోపం, బేరమాడటం, కుంగుబాటు, అంగీకారం అనే ఐదు దశల సిద్ధాంతాన్ని దయచేసి పిల్లల మీద కొలబద్దగా పెట్టవద్దు. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో దాన్ని మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి రాశారు, పిల్లలు ఎలా దుఃఖించాలో చెప్పడానికి కాదు.

అంత్యక్రియలకు పిల్లల్ని తీసుకెళ్లాలా అని అడుగుతారు. బలవంతంగా తీసుకెళ్లవద్దు, బలవంతంగా ఆపవద్దు. అక్కడ ఏం కనబడుతుందో, పెద్దలు గట్టిగా ఏడుస్తారని, తాకితే శరీరం చల్లగా ఉంటుందని ముందే చెప్పి, వస్తావా అని అడగండి. వస్తే, ఆ పిల్లవాడికోసమే ఒక పెద్ద మనిషిని కేటాయించండి. ఆ మనిషి మరీ దగ్గరి దుఃఖంలో ఉన్నవాడు కాకూడదు. పిల్లవాడు మధ్యలో వెళ్లిపోదామంటే వెంటనే చెయ్యి పట్టుకుని బయటికి రాగలగాలి.

హార్వర్డ్‌లో విలియం వోర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ తల్లినో తండ్రినో పోగొట్టుకున్న 70 కుటుంబాల్లోని 125 మంది పిల్లలను రెండేళ్లపాటు గమనించారు. వీరి వయసు 6 నుంచి 17 మధ్య. ఎక్కువమంది నిలదొక్కుకున్నారు. రెండేళ్ల తర్వాత దాదాపు ఐదోవంతు మందిలో తీవ్రమైన ఇబ్బందులు కనిపించాయి. పిల్లలు ఎలా ఉంటారన్నది, మిగిలిన తల్లి లేక తండ్రి ఎలా నిలబడ్డారన్న దాని మీద బలంగా ఆధారపడింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకుడు ఇర్విన్ శాండ్లర్ బృందం దీన్నే ఆచరణలో పెట్టి, పిల్లలతో పాటు మిగిలిన తల్లికి లేక తండ్రికి కూడా శిక్షణ ఇచ్చింది. ఆప్యాయత, వినడం, ఇంట్లో నిలకడైన క్రమశిక్షణ అందులో ముఖ్యాంశాలు. ఆరేళ్ల తర్వాత కూడా దాని మేలు పిల్లల్లో కనిపించింది. కాబట్టి దుఃఖంలో ఉన్న పిల్లవాడికి సాయం చేయాలనుకునే బంధువులు, ముందు ఆ తల్లి భోజనం చేసిందో లేదో, నిద్రపోయిందో లేదో చూడండి. నిద్ర, భోజనం, బడి వేళలు వీలైనంత పాతవిగానే ఉంచండి. పోయినవారి పేరు ఇంట్లో పలకండి. చొక్కా దాచుకోవడం, ఫోటోతో మాట్లాడటం, వాళ్లు చూస్తున్నారనుకోవడం హార్వర్డ్ అధ్యయనంలోని పిల్లల్లో చాలామంది చేశారు, అది జబ్బు కాదు.

నిపుణుల సాయం ఎప్పుడంటే: ఆరు నెలలు దాటినా పోయినవారి కోసం తపన దాదాపు ప్రతిరోజూ తీవ్రంగా ఉండి, చదువు, స్నేహం, ఆట అన్నీ ఆగిపోయినప్పుడు. పిల్లల విషయంలో వైద్యులు దీర్ఘశోక రుగ్మతను నిర్ధారించడానికి చూసే కనీస కాలం అదే. చచ్చిపోతానన్న మాటకు, తనను తాను గాయపరచుకోవడానికి మాత్రం ఏ గడువూ లేదు, ఆ రోజే వెళ్లాలి. ఆత్మహత్య గురించి సూటిగా అడిగితే ఆలోచన పుట్టిస్తామన్న భయం నిరాధారం. అడగండి.

చివరిగా ఉపాధ్యాయులకు. తిరిగి బడికి వచ్చే పిల్లవాణ్ని, తరగతికి ఏం చెప్పమంటావని ముందే అడగండి. కారణం చెప్పకుండా బయటికి వెళ్లగల అనుమతి, వెళ్లి కూర్చోగల ఒక ఉపాధ్యాయుడు ఉండేలా చూడండి. "మా నాన్న" అని వ్యాసం రాయమనేముందు తరగతిలో ఎవరున్నారో తలచుకోండి. ఎనిమిదేళ్లప్పుడు తండ్రిని పోగొట్టుకున్న పిల్ల పన్నెండేళ్లకు మళ్లీ కొత్తగా దుఃఖిస్తుంది, ఎందుకంటే అప్పటికి ఆమెకు అడగగల ప్రశ్నలు మారతాయి. అప్పుడు ఆమె ఎదుట ఉండేది వేరే ఉపాధ్యాయుడు, అతనికి ఏమీ తెలియదు. అందుకని ప్రతి ఏడాది తరగతి మారేటప్పుడు, ఆ పిల్లకూ తల్లికీ సమ్మతమైతే, ఆ సంగతిని, తండ్రి పోయిన తారీఖును తర్వాతి ఉపాధ్యాయుడికి ఒక చీటీలో రాసి అందించండి.

ఇక మీరు అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.